సంజీవ చెప్పలేని ముచ్చట

నర్మెట్ట మండలంలోని ఒక చిన్న ఊళ్లో కల్లు గీసే సంజీవ, మూడేళ్ల కిందట మృగశిర కార్తెలో తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. అప్పటికి అతనికి ముప్ఫై నాలుగేళ్లు. మీసాలు సరిగా రాని వయసులోనే మోకు నడుముకు చుట్టుకున్నవాడు, పొద్దున పన్నెండు చెట్లు, సాయంత్రం పన్నెండు చెట్లు ఎక్కి దిగేవాడు. ఆ రోజు తెల్లవారుజామున ఒక జల్లు పడి ఆగింది. చెట్టు తడిగా ఉందని అతనికి తెలుసు. ఒక్క చెట్టే కదా మిగిలింది, గీసి పోదామనుకున్నాడు. దిగేటప్పుడు సగం ఎత్తులో కాలు జారింది, మోకు పట్టు తప్పింది. సరిగ్గా కింద ఉన్న పొలం గట్టు మీద కూర్చున్నట్టుగా పడ్డాడు.

పక్క చెట్టు మీద ఉన్న రాజలింగు చూశాడు. అరవై దాటినా ఇంకా చెట్లెక్కే మనిషి, సంజీవ కాకా అని పిలిచే, వరుసకు చిన్నాన్న. దిగి ఉరికి వచ్చి, లేపబోతున్న వాళ్లను ఆపాడు. "లేపకుండ్రి. నడుము కింద ఇరిగింది. మంచం తేండ్రి, మంచం మీదికి జరుపుండ్రి" అన్నాడు. అంత కచ్చితంగా అతనికి ఎట్ల తెలుసని ఆ గడబిడలో ఎవరూ అడగలేదు.

అంబులెన్సు జనగామకు, అక్కడి నుంచి వరంగల్‌కు తీసుకుపోయింది. తుంటి ఎముకలు రెండు చోట్ల విరిగాయి. విరిగిన ఎముక లోపల మూత్రం వచ్చే నాళాన్ని తెంపింది. బొడ్డు కింద చిన్న కోత పెట్టి మూత్రాశయంలోకి పైపు వేశారు. ఎముకలు అతుక్కున్నాక, లోపలి వాపంతా తగ్గాక, తెగిన నాళాన్ని కలిపి కుడతామని చెప్పారు. అట్ల ఆరు నెలలు సంజీవ పైపుతోనే బతికాడు. లుంగీ పక్కన వేలాడే సంచిని అతని భార్య యమున రోజుకు నాలుగుసార్లు ఖాళీ చేసేది. ఒక్కసారి కూడా ముఖం తిప్పుకోలేదు.

పుష్య మాసంలో ఆపరేషన్ అయింది. చేసింది మూత్రనాళాల డాక్టర్ భాస్కర్. పైపు తీసేసిన రోజు సంజీవ ఎవరి సాయం లేకుండా నిలబడి మూత్రం పోశాడు. బాత్రూం తలుపు అవతల నిలబడ్డ యమునకు ఆ చప్పుడు వినిపించింది. లోపల అతను ఏడుస్తున్నాడు, బయట ఆమె నవ్వుతోంది.

ఇంటికి పంపే ముందు డాక్టర్ అడిగాడు. "ఇంకేమన్న ఇబ్బంది ఉన్నదా సంజీవా? దేని గురించైనా అడగొచ్చు."

వార్డులో ఎనిమిది మంచాలున్నాయి. అతని మంచం చుట్టూ యమున, తల్లి వజ్రమ్మ, బావమరిది, పరామర్శకు వచ్చిన ఇద్దరు ఊరివాళ్లు. "ఏం లేదు సార్" అన్నాడు సంజీవ.

ఉంది. పడ్డ రోజు నుంచి అతని అంగంలో కదలిక లేదు. పైపు ఉన్నన్నాళ్లూ దానివల్లే అనుకున్నాడు. పైపు తీశాక పుండు మానాలి కదా అనుకున్నాడు. పెళ్లయిన కొత్తలో పొద్దున లేవగానే ఒంట్లో తెలిసే ఆ చురుకు కోసం రోజూ కళ్లు తెరవకుండా కాసేపు అట్లే పడుకుని చూసేవాడు. శివరాత్రి పోయింది, ఉగాది పోయింది. ఏమీ లేదు.

ఊళ్లో అందరూ అతన్ని అదృష్టవంతుడనేవాళ్లు. అంత ఎత్తు నుంచి పడి కాళ్ల మీద నడుస్తున్నవాళ్లు ఎంతమంది? చెట్టెక్కడం మాత్రం ఇక కుదరదన్నారు. గీత కార్మికుల సొసైటీ వాళ్లు కల్లు అమ్మే మండువలో కూర్చుని పోసే పని చూడమన్నారు. చేతికర్ర పక్కన పెట్టుకుని తాటాకు పందిరి కింద కూర్చుంటే నలుగురూ వచ్చి మాట్లాడేవాళ్లు. "మంచిగైనవ్ పో" అనేవాళ్లు. అతను నవ్వేవాడు.

ఇంట్లో ఆరేళ్ల బిడ్డ ఉంది. సంజీవ ఆ పిల్ల పక్కన పడుకోవడం మొదలుపెట్టాడు. నడుము నొప్పి అన్నాడు, ఉక్కపోత అన్నాడు. యమున మొదట్లో నిజమే అనుకుంది. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. స్టేషన్ ఘన్‌పూర్‌లో పుట్టి పెరిగింది, పదో తరగతి దాకా చదివింది, మిషన్ కుడుతుంది. ఇంటి ముందర మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేది. ఒకనాడు పొద్దున చాయ ఇస్తూ అతని భుజం మీద చెయ్యేసింది. అతను ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టాడు. తోసేసినా ఆమె అంత బాధపడేది కాదు.

జనగామ బస్టాండు గోడ మీద మగవాళ్ల బలహీనతకు మందు అన్న కాగితం చూసి సంజీవ ఒక మందుల షాపుకు పోయాడు. చీటీ లేకుండానే కుర్రవాడొకడు నాలుగు మాత్రల పట్టీ ఇచ్చాడు. ఎట్ల వేసుకోవాలో అతను చెప్పలేదు, ఇతను అడగలేదు. ఇంటికొచ్చి కోడికూరతో కడుపునిండా తిని, కల్లు తాగి, ఒక మాత్ర మింగి, పొలం దగ్గర ఒక్కడే కూర్చుని ఏమవుతుందో అని చూశాడు. తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. ముఖం మండింది. ఇంకేమీ కాలేదు. మిగతా మూడు మాత్రలు కాలువలో పారేసి, ఇక తన పని అయిపోయిందని నిశ్చయించుకున్నాడు.

వజ్రమ్మకు ఇదేమీ తెలియదు. కొడుకు బతికి బయటపడ్డందుకు ఆమె ఎల్లమ్మకు మొక్కు తీర్చింది. ఇప్పుడు మనవడు కావాలంది. "ఒక్క ఆడపిల్లతోని ఆపుతవా? బిడ్డకు ఏడేండ్లు అయితున్నయి. నీ కడుపు ఏమైందే?" అని కోడల్ని నలుగురిలో అడిగేది. యమున తల వంచుకుని మిషన్ తొక్కేది. సంజీవ వింటూ కూర్చునేవాడు. విని ఊరుకున్న ప్రతిసారీ తను ఇంకొంచెం చిన్నవాడైపోతున్నట్టు ఉండేది.

ఆ ఏడు బతుకమ్మకు యమున బిడ్డను తీసుకుని పుట్టింటికి బయల్దేరింది. బస్సు ఎక్కించడానికి వచ్చిన సంజీవ సంచి అందిస్తూ, రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "పండుగ అయినంక తొందరేం లేదు. అక్కడ్నే ఉండు. నీకు నచ్చినట్టు బతుకు. నేనేమనుకోను."

యమునకు ముందు అర్థం కాలేదు. "ఏందది? నన్ను వద్దంటున్నవా?"

"వద్దంటలేను. నీదింక చిన్న వయసే. ఇంకో పెండ్లి చేసుకున్నా తప్పులేదు."

ఆమె అతని ముఖం చూసింది. బస్సు వచ్చింది. బిడ్డ చెయ్యి పట్టుకుని ఎక్కింది. కిటికీలోంచి కూడా చూడలేదు.

సద్దుల బతుకమ్మ అయిపోయి పది రోజులైనా యమున రాలేదు, ఫోన్ చేయలేదు. ఊళ్లో మాటలు పుట్టాయి. ఒక మధ్యాహ్నం మండువలో ఎవరూ లేని వేళ రాజలింగు వచ్చి సంజీవ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"యమునను నువ్వే పంపించినవా, ఆమె పోయిందా?"

"నేనే పొమ్మన్న, కాకా."

"ఎందుకు?"

సంజీవ చేతికర్ర అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. రాజలింగు చేతిలో ఉన్న పుల్లతో నేల మీద గీతలు గీశాడు. తర్వాత తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"నేనూ పడ్డ. నీకెరుక లేదు, నువ్వప్పటికి పుట్టలే. నాకు ఇరవై ఎనిమిదేండ్లు. నీ లెక్క గట్టు మీద కాదు, మొరం రాళ్ల మీద పడ్డ. నడుము కింద ఇరిగింది. నాటు వైద్యుడు కట్టు కట్టిండు, మూడు నెలలు మంచంల వున్న. లేచిన, నడిచిన, మల్ల చెట్టెక్కిన. అన్ని మంచిగైనయి. ఒక్కటి కాలే."

సంజీవ అతని వైపు చూశాడు.

"గదే" అన్నాడు రాజలింగు. "నీ మొఖం చూస్తే ఎరుకైతనే ఉన్నది ఏడాది సంది. అడుగుదామంటే నోరు రాలే."

రాజలింగు భార్య మైసమ్మకు పిల్లలు లేరు. ఊరంతా ఆమెను గొడ్రాలనేది. పెళ్లిళ్లలో పసుపు దంచేటప్పుడు ఆమెను పిలిచేవాళ్లు కాదు. కొత్తగా నీళ్లోసుకున్న అమ్మాయిలు ఆమె ఎదురొస్తే దారి మార్చేవాళ్లు. సంజీవ చిన్నప్పటి నుంచి చూస్తున్నదే ఇది.

"మా అవ్వ నన్ను ఇంకో పెండ్లి చేసుకోమన్నది. చేసుకోనన్న. ఎట్ల చేసుకుంట? ఊరోళ్లు ఏమన్నరో ఎరుకనా? పిల్లలు కాకున్నా పెండ్లాన్ని ఇడువలే, రాజలింగు దేవుడు అన్నరు. ఇప్పటికీ అంటరు. నేను గది ఇనుకుంట ముప్ఫై అయిదేండ్లు తిరిగిన. మైసమ్మ ఒక్కనాడు కూడా బయటికి చెప్పలే. నేను చెప్పుమని అడగలే, వద్దని అనలే. ఆమెనే మోయమన్నట్టు ఊకున్న."

 ఎన్నోసార్లు లోలోపల చెప్పుకున్న మాటల్లాగా ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

"అప్పుడు దీనికి మందున్నదో లేదో నాకెరుక లేదు. అడిగితే గదా. నీకు పెద్ద డాక్టరున్నడు. నాళమే కుట్టిండు. గీ మాట అడిగితే ఆయన కొడ్తడా? ముందుగాల యమునకు చెప్పు."

మర్నాడు పొద్దున సంజీవ జనగామ పోయి, అక్కడి నుంచి ఘన్‌పూర్ బస్సెక్కాడు. అత్తగారింట్లో అందరూ ఉన్నారు. యమున అతనికి నీళ్లిచ్చి లోపలికి పోయింది. "జర బయటికి పోదాం, మాట్లాడాలె" అన్నాడు. ఇద్దరూ నడుచుకుంటూ రైల్వే స్టేషన్ దాకా పోయారు. రైలు టైం కాదు, ప్లాట్‌ఫారం చివరి బెంచీ ఖాళీగా ఉంది.

సంజీవ ఒక గూడ్సు బండి పోయేదాకా ఆగాడు. ఆ చప్పుడు తగ్గగానే, ఇక ఆగితే చెప్పలేనని, ఒక్క బిగిన చెప్పేశాడు. పడ్డప్పటి నుంచి తనకు లేవడం లేదని. మాత్ర తెచ్చుకుని వేసుకున్నానని. ఇక కాదని తేలిందని. ఆమె బతుకు పాడు చేయొద్దని పొమ్మన్నానని.

యమున పట్టాలకేసి చూసింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతులో కోపమే ఉంది.

"నా ఒంటి మీద వాసనొస్తదని దూరం పోతున్నవేమో అనుకున్న. పైపు సంచి ఎత్తిపోసిన చేతులని అసయ్యించుకుంటున్నవేమో అనుకున్న. రోజుకు రెండుసార్లు తానం చేసిన."

సంజీవ తను మోస్తున్నది తన ఒక్కడి బరువే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"మూత్రం పోసుడు కూడా రాకపాయె నీకు. అప్పుడు పోయిన్నా నేను?" అంది. కళ్లు తుడుచుకుని, "డాక్టర్ సారును అడిగినవా?" అంది.

"లేదు."

"ఆయన అడిగిండు గదా, ఏమన్న ఉన్నదా అని. నేను అక్కడ్నే ఉన్న."

"అందరున్నరు."

"ఇప్పుడు ఎవ్వరుండరు. నేనొక్కదాన్నే వస్త."

ఆ సోమవారమే ఇద్దరూ వరంగల్ పోయారు. డాక్టర్ భాస్కర్ సంజీవను గుర్తుపట్టాడు. "నేనే మళ్లీ అడగాల్సింది, వార్డులో అందరి ముందట అడిగితే ఎవరు చెప్తరు" అన్నాడు. తలుపు వేయించి చాలా ప్రశ్నలు వేశాడు. పొద్దున పూట ఎప్పుడైనా గట్టిపడుతుందా, స్పర్శ తెలుస్తోందా, కోరిక ఉందా, సిగరెట్ తాగుతాడా, గుండె నొప్పి ఏమైనా ఉందా, మందు తాగుతాడా. రక్తంలో చక్కెర, హార్మోను పరీక్ష చేయించాడు. అవి రెండూ బాగానే ఉన్నాయి. తర్వాత రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కానింగ్ చేశారు.

ఆ రిపోర్టు బల్ల మీద పెట్టుకుని డాక్టర్ ఒక కాగితం మీద బొమ్మ గీశాడు. "ఇది నీ తుంటి ఎముక. ఇక్కడ విరిగింది. నాళం తెగింది ఇక్కడనే. అంగానికి కబురు మోసే నరాలు, రక్తం తీసుకపోయే గొట్టాలు కూడా దీని పక్కనుంచే పోతయి. అవి దెబ్బతిన్నయి. ఇది నీ మనసుల భయం కాదు, మగతనం తక్కువైందీ కాదు. కాలు విరిగితే నడవలేకపోతం, ఇదీ అంతే."

సంజీవ ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయాడు. తనకు జరిగిందేమిటో ఇరవై గీతల్లో అక్కడ ఉంది. ఏడాదిన్నర తను తనను తిట్టుకున్న తిట్లలో ఒక్కటీ అందులో లేదు.

"నయమైతదా సార్?" అని యమున అడిగింది.

"నరాలు తమంతట తాము కొంత కోలుకోవచ్చు, కొందరికి రెండేండ్లు పడుతది. అందాక ఊకె కూసోవద్దు. దారులున్నయి. మొదలు మాత్ర."

"వేసుకున్న సార్. కాలే" అన్నాడు సంజీవ, మందుల షాపు సంగతంతా చెప్పాడు.

డాక్టర్ తల ఊపాడు. "కడుపునిండ తిని, కల్లు తాగి, ఒక్కనివే కూసుంటే మాత్ర ఏం జేస్తది? అది మనసుకు కోరిక పుట్టియ్యదు. కోరిక పుట్టినప్పుడు రక్తం పారేటట్టు సాయం చేస్తది, అంతే. ఖాళీ కడుపుతోని గంట ముందు వేసుకోవాలె, ఇద్దరు దగ్గరుండాలె. ఒకసారికే తేల్చెయ్యొద్దు, ఏడెనిమిది సార్లన్న చూడాలె. ఇంకొకటి ఇను. గుండె నొప్పికి నాలిక కింద మాత్ర పెట్టుకునేటోళ్లు ఇది ముట్టొద్దు, పానం మీదికొస్తది. నీకా బాధ లేదు. కానీ షాపుల తెచ్చుకుని మింగుడు మాత్రం బంద్ చెయ్యి."

మాత్రతో కాకపోతే గాలి పీల్చే పంపు ఉందని, దానితో కాకపోతే సూది ఉందని, ఏదీ పని చేయకపోతే లోపల అమర్చే కడ్డీల ఆపరేషన్ ఉందని చెప్పాడు. ఆపరేషన్ ఒకసారి చేశాక వెనక్కి మళ్లడం ఉండదు కాబట్టి దాన్ని చివరికి పెట్టుకోమన్నాడు.

యమున ఇంటికి వచ్చేసింది. వాళ్లిద్దరూ మధ్యాహ్నం పూట, బిడ్డ బడికి పోయి, వజ్రమ్మ కూలికి పోయిన వేళల్లో, పద్నాలుగేళ్ల పిల్లల్లాగా బెరుకుబెరుకుగా మళ్లీ దగ్గరయ్యారు. మాత్రలతో కొంత మార్పు వచ్చింది. కొంతే. రెండు నెలలకు సంజీవ మళ్లీ నీరసపడ్డాడు. డాక్టర్ మాత్ర మోతాదు మార్చాడు, తర్వాత పంపు ఇచ్చి చూడమన్నాడు. అది ఒక ప్లాస్టిక్ గొట్టం. అందులో పెట్టి గాలి లాగితే రక్తం చేరుతుంది, అంగం మొదలు దగ్గర ఒక రబ్బరు పట్టీ వేసుకోవాలి, ఆ పట్టీ అరగంటకు మించి ఉంచకూడదు. మొదటిసారి అతను దాన్ని కొట్టడం చూసి యమునకు నవ్వు ఆగలేదు.

"ఎందుకు నవ్వుతున్నవ్?"

"సైకిల్‌కు గాలి కొట్టినట్టున్నది."

అతనికి కోపం వచ్చి గొట్టం మంచం కిందికి విసిరేశాడు. గోడకు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి అతని వీపు కూడా కదలడం చూసి యమున ఏడుస్తున్నాడేమో అని భయపడింది. తీరా చూస్తే నవ్వుతున్నాడు. చెట్టు మీది నుంచి పడ్డాక అతను అట్ల నవ్వడం ఆమె చూడలేదు.

పంపు పని చేసింది, కానీ ఇద్దరికీ నచ్చలేదు. చల్లగా, తనది కానట్టుగా ఉంటుందన్నాడు సంజీవ. అట్లా సూది దగ్గరికి వచ్చారు.

సూది పేరు వింటేనే అతనికి ముచ్చెమటలు పట్టాయి. తాడిచెట్టు చివర ఒంటి మోకు మీద వేలాడిన మనిషి, చక్కెర జబ్బువాళ్లు వేసుకునే సన్నటి సూదిని చూసి కళ్లు మూసుకున్నాడు. నేర్పించింది మనోరమ సిస్టర్. యాభై ఏళ్ల మనిషి, ఏ మాటనూ తిప్పి చెప్పదు.

"పక్కకు వేయాలె, పైనా కిందా వద్దు. ఈసారి కుడి దిక్కు వేస్తే మళ్లీసారి ఎడమ దిక్కు. తీసినంక అయిదు నిమిషాలు ఒత్తి పట్టుకో. వారానికి రెండుసార్లకంటే ఎక్కువొద్దు. నాలుగు గంటలైనా దిగకుంటే సిగ్గుపడి ఇంట్ల కూసోకు, దవాఖానకు రా. ఆలస్యమైతే లోపల పాడైతది."

మొదటి మోతాదు దవాఖానలోనే వేసి చూశారు. పది నిమిషాలకు సంజీవ తలుపు సందులోంచి యమునను పిలిచాడు. ఏమైందో చెప్పలేక ఆమె చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. మనోరమ సిస్టర్ రిజిస్టర్ తీసుకుని బయటికి పోయింది.

ఒకసారి మాత్రం చిక్కొచ్చింది. ఇంట్లో వేసుకోవడం మొదలుపెట్టిన మూడో వారంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, సూది వేసుకుని మూడు గంటలు దాటినా దిగలేదు. నొప్పి మొదలైంది. సంజీవ చెప్పడానికి ఇష్టపడలేదు. యమునే డాక్టర్‌కు ఫోన్ చేసి ఆటో పిలిచింది. జనగామలో ఆటో దిగేలోపే బిగువు తగ్గడం మొదలైంది, అయినా చూపించుకునే పోదామని వరంగల్ దాకా లాక్కుపోయింది. డాక్టర్ మోతాదు తగ్గించాడు. ఆ తర్వాత అట్ల జరగలేదు.

సూది మందు ఫ్రిజ్‌లో పెట్టాలి. పెరుగు గిన్నె వెనక ఉన్న సీసాను వజ్రమ్మ చూసింది. "ఇదేంది?" అంటే "నా మందు" అన్నాడు కొడుకు. ఆమె దాన్ని చక్కెర జబ్బు సూది అనుకుంది. ఆ రోజు నుంచి అతని చాయలో చక్కెర వేయడం మానేసింది, పండుగకు భక్ష్యాలు చేసి అతనికి పెట్టలేదు. సంజీవ రెండు వారాలు చప్పటి చాయ తాగాడు. ఆ పైన ఒక పొద్దున ఇంటి ముందు వజ్రమ్మ మళ్లీ కోడలి కడుపు ముచ్చట ఎత్తింది. పక్కింటివాళ్లు కూడా ఉన్నారు.

సంజీవ చాయ గ్లాసు కింద పెట్టాడు. "అవ్వా, ఇట్ల రా" అని లోపలికి పిలిచాడు. మళ్లీ ఏమనుకున్నాడో, అక్కడే ఆగిపోయాడు. "లోపలికెందుకు, ఇక్కడ్నే చెప్త. నేను పడ్డప్పుడు నాకు లోపల నరాలు దెబ్బతిన్నయి. లోపం నాది. యమునది కాదు. దవాఖానల చూపించుకుంటున్న, ఆ సూది దానికే. చక్కెర లేదు నాకు. ఇంకో పిల్ల కావాల్నా వద్దా అనేది మేమిద్దరం అనుకుంటం. ఆమెనేమనకు."

పక్కింటివాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయారు. వజ్రమ్మ అరుగు మీద కూలబడింది. యమున మిషన్ ఆపి అట్లే చూస్తూ ఉంది. చాలాసేపటికి వజ్రమ్మ లేచి, వంటింట్లోకి పోయి, ఇంకో చాయ పెట్టి తెచ్చింది. అందులో చక్కెర ఎక్కువైంది. అతను తాగాడు.

ఆ మాట ఊరంతా తిరిగింది. కొందరు నవ్వారు. మండువలో ఒకడు వెకిలిగా ఏదో అన్నాడు. సంజీవ అతని వైపు చూసి, "నువ్వు రోజూ తడి చెట్టెక్కుతున్నవ్, జర జాగ్రత్త" అన్నాడు. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వారం తిరగకముందే పక్క ఊరి నుంచి ఒక మనిషి వచ్చి, కల్లు తాగకుండా చాలాసేపు కూర్చుని, ఆ డాక్టర్ ఎక్కడుంటాడని మెల్లగా అడిగాడు. అతను చెట్టు మీది నుంచి పడలేదు, పదేళ్లుగా చక్కెర జబ్బు.

రాజలింగు సంగతి వేరే తీరుగా అయింది. ఆ ఎండాకాలం ఒక పెళ్లిలో పసుపు దంచుతున్నారు. ఎప్పట్లాగే మైసమ్మను వదిలి పక్కామెకు రోకలి ఇచ్చారు. మగవాళ్ల వైపు కూర్చున్న రాజలింగు లేచి నిలబడ్డాడు. "ఆమెకు ఇయ్యుండ్రి. ఆమెల ఏ లోపం లేదు. చెట్టు మీదికెళ్లి పడ్డంక నేనే పనికి రాకపోయిన. ముప్ఫై అయిదేండ్లు చెప్పకుంట మిమ్ముల మోసం జేసిన" అన్నాడు.

అందరూ మైసమ్మను చూశారు. ఆమె రోకలి తీసుకోలేదు. లేచి కొంగు దులుపుకుని ఇంటికి నడిచింది. సాయంత్రం బస్సుకు మహదేవపూర్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి పోయింది. పోయేముందు భర్తతో ఒకే మాట అంది. "నాకు ఇరవై అయిదేండ్లున్నప్పుడు చెప్పాల్సింది. ఇప్పుడు చెప్పి నువ్వు తేలికైనవ్. నాకేమొచ్చింది?"

ఆమె నెలన్నర దాకా రాలేదు. రాజలింగు రోజూ తనే వండుకుని తిన్నాడు. మండువకు వచ్చి సంజీవ పక్కన కూర్చునేవాడు. మందు గురించి సంజీవ ఒకసారి అడిగితే, "నాకిప్పుడెందుకు బిడ్డా" అన్నాడు. అయినా ఒకనాడు భాస్కర్ డాక్టర్ దగ్గరికి అతనితో పోయి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో సంజీవ అడగలేదు. వానలు పడ్డాక మైసమ్మ తిరిగి వచ్చింది. ఎందుకు పోయిందో ఊరికి తెలుసు. ఎందుకు వచ్చిందో రాజలింగు అడగలేదట.

సంజీవకు ఇప్పుడు ముప్ఫై ఏడు. నరాలు కొంత కోలుకున్నట్టే ఉన్నాయి, ఒక్కోసారి మాత్రతోనే సరిపోతోంది. లేనప్పుడు సూది. ఆపరేషన్ సంగతి డాక్టర్ ఒకసారి ఎత్తితే, "అవసరమైనప్పుడు చూస్తం సార్, ఇప్పటికి చాలు" అని యమునే అంది. రెండో బిడ్డ వద్దనుకున్నారు. ఉన్న ఒక్క పిల్లను బాగా చదివిద్దామన్నది యమున మాట, అతనికీ అదే సరే.

సంజీవ ఇప్పుడు చెట్టెక్కడు. సేఫ్టీ మోకు ఎట్ల కట్టుకోవాలో కొత్తవాళ్లకు కింద నిలబడి నేర్పిస్తాడు, తడి రోజు ఎక్కుతానంటే అరుస్తాడు. ఎవరైనా పడితే అంబులెన్సులో వెంట పోయేది అతనే. మొన్న ధర్మేందర్ అనే ముప్ఫై ఏళ్లవాడు పడ్డాడు. అతనికీ విరిగింది తుంటి ఎముకలే, అతనికీ పైపు వేశారు. నాలుగో రోజు వార్డులో చుట్టాలందరూ టిఫిన్లకు పోయేదాకా ఆగి, సంజీవ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"పైపు గురించి పరేషాన్ కాకు, అది పోతది. నేను చెప్పేది ఇంకో ముచ్చట. నీకు కావొచ్చు, కాకపోవచ్చు. అయితే మాత్రం మొదలు నీ భార్యకు చెప్పు, తర్వాత భాస్కర్ సారుకు చెప్పు. నా లెక్క ఏడాదిన్నర ఆగకు."

ధర్మేందర్ పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. "ఏమని చెప్పాలన్నా?" అన్నాడు.

సంజీవ స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టాడు.